తలుపుల్లేని దుకాణానికి బంద్ రాసిండ్రు

"నానమ్మా, మనం పొద్దటి సంది ఇంట్లనే ఉన్నం గద? మరి ఈ పార్సల్ తెచ్చే పోరడేంది, 'తలుపు కొట్టినం, ఇంట్ల ఎవ్వరు లేరు' అని ఫోన్ల పెట్టిండు?"

ఏదీ, ఇంకోసారి సదువు. ఎవ్వరు లేరా? మరి నేనెవరినే? ఓరి వీని నోట్ల మన్ను వడ, బతికున్న మనిషిని పట్టుకొని లేదంటడా! గీడ కూసొని నేను పల్లీలు ఒలుస్తనే ఉన్న. మీ అమ్మ పోపేస్తె ఆ ఘాటుకు కిష్టారెడ్డిపేట మొత్తం తుమ్మింది, పైన ఐదో అంతస్తు ముసలాయన ఇంకా తుమ్ముతనే ఉన్నడు. గింత మందిమి ఉండంగ ఎవ్వరు లేరట. నవ్వకు. నాది కోపం కాదు బిడ్డా, భయం. గిసువంటి మాట నేను ఒకసారి ఇన్న. గా మాటకు మా ఇల్లు సగం కూలింది.

సగం అంటె... ఇల్లు కాదులే, ఇల్లు మంచిగనే ఉండె. పేరు కూలింది. మా సావుకారోళ్లకు ఇల్లు కూలితె కట్టుకుంటం, పేరు కూలితె ఏ మేస్త్రి కడ్తడు చెప్పు? ఆ ఫోను అవతల పెట్టి ఇటు కూసో.

నన్ను సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు ఇచ్చిండ్రు గద. బొంబాయి రోడ్డు మీద మా మామది బట్టల దుకాణం. మా మామ అంటె మీ తాతకు నాయిన, నువ్వు సూడలే. మనిషి సన్నగ, మాట ఇంక సన్నగ. ఆయన మాట్లాడితె పక్కన కూసున్న ఈగ గూడ చెవి ఒగ్గి ఇనాలె. ముందల దుకాణం, ఎనుక ఇల్లు, నడుమ ఒక పరద. కోడండ్లు పరద దాటి ముందలికి రావొద్దు. ఆ పరదకు ఒక బొక్క ఉండె. ఎలుక కొరికిందని మా అత్తకు చెప్పిన. ఆ ఎలుకకు సూది పట్టుడు వస్తదని మా అత్తకు తెల్వదు.

గప్పుడు మీ నాయిన పాకుతున్నడు. లేదు లేదు, పాకుడు అయిపోయి గోడలు పట్టుకొని నడుస్తున్నడు. ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే వస్తున్నయ్. రాత్రి పండి పొద్దున లేస్తె ఒక కొత్త పొగగొట్టం మొలిచేది, వానకు కుక్కగొడుగు మొలిచినట్టు. బీహార్, ఒడిశా అని ఎక్కడెక్కడోళ్లో వచ్చి ఖాకీ బట్ట కొనేటోళ్లు. బట్ట ధర చెప్తె నువ్వు నమ్మవు, గప్పుడు అంగీ మొత్తం కుట్టిచ్చే పైసలకు ఇప్పుడు గుండి గూడ రాదు.

మా బజార్ల ఒక కట్టు ఉండె. పట్టపగలు దుకాణం ముయ్యొద్దు. ఇంట్ల మనిషి సచ్చినా సరే. శవం ఎనుక దర్వాజ నుంచి పోవాలె, ముందల తలుపు కట్టె పలకల్ల ఒక్కటన్న తీసి ఎవరో ఒకరు కూసోవాలె. నేను కాపురానికి రాకముందు మా మామ వాళ్ల అన్న పోయిననాడు మా మామ ఒక కంటితోని ఏడ్సుకుంట ఇంకో కంటితోని గిరాకిని సూసిండట. ఎందుకట్ల అంటె, పొద్దు ఉండంగ దుకాణం మూసిండంటె బజార్ల ఒక్కటే అర్థం. ఐపీ పెట్టిండు. దివాలా తీసిండు. కోర్టుల చేతులెత్తేసిండు. అందుకని "బంద్" అనే మాట మా ఇంట్ల తిట్టు కింద లెక్క. మా అత్త వంటింటి కిటికీ వేసెటప్పుడు గూడ "బంద్ చెయ్యి" అనకపోయేది, "దగ్గరికెయ్యి" అనేది.

ఇంకోటి చెప్పాలె. చిట్కుల్, అటు దిక్కు ఊర్ల నుంచి కూలి చేసుకునే ఆడోళ్లు వాళ్ల ఎండి కడియాలు, గొలుసులు మా మామ తాన దాసుకునేటోళ్లు. ఇంట్ల ఉంటె మొగోళ్లు కల్లు దుకాణంల పెడ్తరని భయం. రసీదు లేదు, దస్కత్ లేదు. ఎవరి మూట వాళ్ల చీర పీలికతోనే కట్టి ఇచ్చేటోళ్లు. మా మామ దుకాణంల పెద్ద కట్టె పెట్టె, దాన్నిండ రంగు రంగుల మూటలు. అది తెరిస్తె మల్లన్న జాతర సూసినట్టుండేది. మా మామ బట్ట అమ్ముకొని బతికిండు గని, ఆయన గర్వమంత ఆ పెట్టెల ఉండె.

ఇగ అసలు ముచ్చటకు వస్త. దుకాణం పలకలకు చెదలు వట్టింది. మీ తాత అన్నడు, "నాయినా, హైదరాబాద్‌ల అందరు ఇనుప షట్టర్లు పెట్టిస్తున్నరు, సర్రున గుంజితె సర్రున దిగుతది, మనం గూడ పెట్టిద్దాం." మా మామ ఒక పంట కాలమంత ఆలోచించి "సరే" అన్నడు. వడ్రంగం చేసే వడ్లాయన వచ్చి పలకలు, చట్రం అన్ని పీకిండు. షట్టరేమో హైదరాబాద్ నుంచి పార్సల్ లారీల రావాలె. రేపొస్తది, ఎల్లుండొస్తది. వచ్చేదాక దుకాణానికి తలుపే లేదు. ముయ్యాలన్నా ముయ్య రాదు. రాత్రిళ్లు మా మామ, మీ తాత ముందల మంచాలేసుకొని పండేటోళ్లు. మీ తాత గురకకు దొంగలే కాదు, లారీలు గూడ దూరం నుంచే పోయేటియి.

ఆ పార్సల్ లారీ హైదరాబాద్ నుంచి బయలెల్లి మా పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి, అట్లనే జహీరాబాద్ దాక పోయేది. డ్రైవర్ పేరు సాయిలు. ఎంత పొడుగంటె, లారీల కూసుంటె వాని మోకాళ్లు వాని చెవులకు తగిలేటియి. సామాను ఎంట బిల్టీ అని ఒక కాగితం వస్తది. సామాను దించితె దాని మీద దుకాణపాయన దస్కత్ తీసుకోవాలె. దించకుంటె ఎందుకు దించలేదో డ్రైవరే రాయాలె. గంతే పని.

ఆ లారీలనే మాకు రెండు రావాలె. ఒకటి షట్టరు, రెండోది బేగంబజార్ సేటు పంపే బట్టల బేళ్లు. ఆ వారమే ఏదో ఫ్యాక్టరీకి బాయిలరు వచ్చింది. ఓయమ్మ, అది బాయిలరా! గోల్కొండ కోటను పీకి చక్రాల మీద పెట్టినట్టుండె. హైదరాబాద్ దిక్కు ఒక మోరీ కాడ దిగబడ్డది. రోడ్డంత ఆగింది. ఎన్నాళ్లు ఆగిందంటె దాని మీద పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల పెండ్లిళ్లు గూడ చేసినయ్. సరే, ఒక్క రోజు ఆగింది. సాయిలు లారీ దాని ఎనుక ఇరికి, పొద్దూకంగ హైదరాబాద్‌కే మర్లిపోయింది. మళ్ల ట్రిప్పుకు రోడ్డు సాఫ్ ఉండె. కని లారీ మా బజార్ల ఆగలే, సీదా పోయింది. మేం గూడ పట్టించుకోలే, మన సామాను ఇంక రాలేదేమో అనుకున్నం.

ఒకనాడు పొద్దున నేను పరద ఎనుక కూసొని కారం దంచుతున్న. రోడ్డు మీద ఏడుపు ఇనవడ్డది. ఎవరో పోయిండ్రు పాపం అనుకొని బొక్కల నుంచి సూసిన. సూస్తె మా నాయిన! సంగారెడ్డి బస్సు దిగి, రుమాలు నోట్ల కుక్కుకొని వస్తున్నడు. నా పానం గిట్ల పోయింది, గట్ల వచ్చింది.

"బిడ్డా, ఏడున్నవ్ బిడ్డా? కట్టుబట్టతోని వచ్చెయ్, పోదాం!"

"ఏమైంది నాయినా? అమ్మ మంచిగున్నదా?"

"మీ అమ్మకేమైందే? మునిగింది మీరు గద!"

మా అత్త చీపురుతోనే ముందలికి వచ్చింది. "ఏం మునిగిందన్నా? నక్కవాగు గిట్ల పొంగిందా?"

"నా తాన దాస్తరా చెల్లె? బావ ఐపీ పెట్టిండని బేగంబజార్ల మొదలైన మాట సంగారెడ్డి బస్టాండ్ దాక వచ్చింది. దుకాణం బందాయెనంట గద!"

మా మామ ఆ ఏళకు గిరాకికి బట్ట కొలుస్తున్నడు. గజం కట్టె చేతులకెల్లి జారి కింద వడ్డది. ఆ సప్పుడు నాకు ఇప్పటికి ఇనవడ్తది. గిరాకి ఆయన బట్ట ఇడిసిపెట్టి మెల్లగ ఎనుకకు నడిసి రోడ్డు మీద వడ్డడు, అంటురోగం ఉన్న ఇంట్లకెల్లి పోయినట్టు.

మా నాయిన కండ్లు తుడుసుకొని సుట్టు సూసిండు. బట్ట ఉన్నది, గద్దె ఉన్నది, బావ ఉన్నడు.

"మరి తెరిసే ఉన్నది గద బావా?"

"తెరిసే ఉన్నది బావా."

"మరి బంద్ అన్నరు గద బావా?"

సగం ఏడుపు మొఖం, సగం నవ్వు మొఖం పెట్టుకొని అట్లనే నిలబడ్డడు పాపం. మా అత్త చాయ ఇచ్చింది, కని చక్కెర ఎయ్యలే. వియ్యంకుడు శుభమా అని ఇంటికొచ్చి మునిగిండ్రా అంటె చక్కెరేస్తదా?

ఇంకా చాయ గ్లాసు కింద పెట్టలే, చిట్కుల్ నుంచి నర్సవ్వ వచ్చింది. నాట్లకు, కోతలకు పోయేది, ఊర్ల ఆడోళ్లకు పెద్ద. గడప కాడనే నిలబడ్డది. గడప గూడ పీకేసినం అనుకో, గడప ఉండే జాగల నిలబడ్డది.

"సావుకారీ, నా మూట ఇయ్యి."

"ఏం నర్సవ్వా, బిడ్డ పెండ్లా?"

"పెండ్లి లేదు గిండ్లి లేదు. ఇయ్యి."

"ఎందుకో చెప్పరాదు?"

"చెప్తె నీ మనసు నొస్తది. ఇయ్యి."

మా మామ లేసి, పెట్టె తెరిసి, పసుపు పీలిక మూట తీసి ఇచ్చిండు.  ఆమె ముడి ఇప్పి సూస్కోలే, ఒడిల ఏసుకొని తల దించుకొని పోయింది. నర్సవ్వ ఎనుక ఇంకొకామె. ఆమె ఎనుక ఇంకొకామె. ఆ లైను చిట్కుల్ పొలిమేర దాక ఉన్నది. ఏందట్ల సూస్తవ్? సరే, మా గల్లీ మూల దాక. అడిగినోళ్లకు అడిగినట్టు మా మామ ఇచ్చుకుంట పోయిండు. పొద్దూకెటాల్లకు పెట్టె అడుగు కనవడ్డది. నేను కాపురానికి వచ్చిన సంది ఆ పెట్టెకు అడుగు ఉంటదని నాకు తెల్వదు.

ఆ రోజు మా మామ అన్నం ముట్టలే. మీ తాతతోని ఒక్క మాట అన్నడు. "దొంగ వడితె పోలీసుకు చెప్తం రా. గిదెవ్వరికి చెప్పాలె?"

తెల్లారి బేగంబజార్ సేటు గుమాస్తా బస్సు దిగిండు. లావుపాటి అద్దాలు, సంకల తోలు సంచి. సీదా దుకాణంల మధ్యల నిలబడి, మేమిచ్చిన చాయ తాగుకుంట, బిల్టీలు తీసిండు. "సావుకారీ, మా బేళ్లు వాపస్ వచ్చినయ్. ఒక్కసారి కాదు, మళ్ల గూడ. డ్రైవర్ రాసిండు సూడు. దుకాణం బంద్."

"అయ్యా, నువ్వు ఇప్పుడు నిలబడ్డది ఎక్కడ?" అన్నడు మా మామ.

"నీ దుకాణంల."

"అది తెరిసి ఉన్నదా, మూసి ఉన్నదా?"

"దేఖో సావుకారీ, నా కండ్లు సేటు తాన నౌకరీ చెయ్యవు. కాగితం చేస్తది. కాగితం మీద బంద్ ఉంటె బందే. డ్రైవర్ రాసింది డ్రైవరే కొట్టెయ్యాలె. నీ మాట, నా మాట నడవదు."

నేను పరద ఎనుక నోరు తెరిసిన, మళ్ల ముయ్యలే. ఒక ఈగ లోపలికి పోయి, తిరిగి, బైటికి గూడ వచ్చింది. తెరిసి ఉన్న దుకాణంల నిలబడి, మా చాయ తాగుకుంట, మూసిండ్రు అంటడేందే వీడు! నేను మాట పెంచుత, నా సంగతి ఊరంత తెల్సు. కని నోటి మాట గాలికి పోతది. కాగితం మీద మాట పోతదా?

అదే టయానికి పార్సల్ లారీ వచ్చింది. బజారు బజారంత రోడ్డు మీదికి ఉరికింది. ఇత్తడి సామానాయన, బెల్లపాయన, చాయ హోటల్ ఆయన, అందరు లారీకి అడ్డం. సాయిలు మోకాళ్లు మడుసుకొని దిగిండు.

మా మామ అడిగిండు, అదే సన్నటి గొంతుతోని. "సాయిలూ, మొన్న నా దుకాణం బంద్ ఉండెనా?"

"ఉండె సావుకారీ," అన్నడు సాయిలు. అలవాటు.

నాకేమైందో తెల్వదు. పరద తీసి బైటికొచ్చిన. తీసుడేంది, పరద నాతోనే ఊడొచ్చింది, నెత్తి మీద కప్పుకొని వచ్చిన. మా అత్త ఎనుక నుంచి "ఓసీ, ఓసీ" అని మూర్ఛ వోయేటట్టు చేస్తున్నది. బజార్ల మొగోళ్లందరు నన్ను సూసి ఎనుకకు జరిగిండ్రు. సావుకారోళ్ల కోడలు రోడ్డు మీద! నక్కవాగు కాడ గేదెలు గూడ నీళ్లు తాగుడు ఆపి సూసినయట.

"ఏ తలుపు మూసి ఉండె సాయిలూ? సూపెట్టు," అన్న.

సాయిలు పైకి సూసిండు, కిందికి సూసిండు. తలుపు లేదు, చట్రం లేదు, గడప లేదు.

"మా తలుపు నీ లారీల ఉండె గదనయ్యా! షట్టరు దించకుంట వాపస్ తీస్కపోయి, మూసిండ్రని రాస్తవా? దేనితోని మూస్తం, మా మామ ధోతితోనా?"

ఎవరో నవ్విండ్రు. తర్వాత ఎవ్వరు నవ్వలే. ఎందుకంటె సాయిలు ఆ గడప జాగల కూలవడ్డట్టు కూసున్నడు. అప్పుడే ఆయనకు ఎవరో చెవుల చెప్పిండ్రు, సావుకారి పెట్టె ఎట్ల ఖాళీ అయిందో. మనిషి మొఖం నల్లగైంది.

"నాకు రాసొచ్చేది గదొక్కటేనమ్మా," అన్నడు.

"ఏదొక్కటి?"

"దుకాణం బంద్. నౌకరీల చేర్నప్పుడు ఆఫీసోళ్లు ముగ్గు దిద్దించినట్టు దిద్దించిండ్రు. సామాను దించకుంటె గిది రాయి, ఇంకేం అడగరన్నరు. అందరు డ్రైవర్లం గిదే రాస్తం."

"మరి టైరు పేలితె?"

"దుకాణం బంద్."

"వాన కొట్టి వాగొస్తె?"

"దుకాణం బంద్."

"బాయిలరు అడ్డం వడితె?"

సాయిలు తల ఊపిండు.

గుమాస్తా చాయ గ్లాసు నోటి కాడ ఆగింది. "ఆగు ఆగు. సదాశివపేట నూనె గానుగ ఆయనది?"

"అది వాన సార్."

"జహీరాబాద్ కిరాణం?"

"ఇంజన్ ఖరాబ్ సార్."

"మరి సంగారెడ్డి..." అనుకుంట గుమాస్తా గబగబ కాగితాలు తిరగేసిండు. ఆ గాబరల గ్లాసు ఒంగి చాయంత బిల్టీల మీద వడ్డది. పాపం, వాళ్లందరు మునిగిండ్రని బజార్ల చెప్పుకుంట తిరిగింది ఈయననే గద! ఆ గానుగాయన బిడ్డ పెండ్లి సంబంధం గూడ ఎనుకకు పోయిందట, తర్వాత తెల్సింది. ఒక వాన పడ్డదని పెండ్లి ఆగిందే బిడ్డా. ఇది మాత్రం నేను పెంచి చెప్తలేను.

"రెండో ట్రిప్పుకు రోడ్డు మంచిగనే ఉండె గద?" అన్నడు మీ తాత.

సాయిలు నేల సూసుకుంట చెప్పిండు. "గప్పుడు దుకాణం కాడికి నేనే పోలే. సీదా ఇస్నాపూర్ పోయి బావమరిది తాన కల్లు తాగి పండిన."

 కొట్టి అడిగినా ఎవ్వడు చెప్పని మాట, అడగంగనే చెప్పిండు. గుమాస్తా సంచిల నుంచి కొత్త కాగితం తీసి, "గిది రాసియ్యి, నీ చెయ్యితోనే" అన్నడు. సాయిలుకు రాస్తె గద! నేను సంగారెడ్డి బడిల ఐదు దాక సదువుకున్న. మీ తాత అటు నాయిన మొఖం సూసిండు, ఇటు నా మొఖం సూసిండు, జేబుల కలం తీసి నా చేతుల పెట్టిండు. పెండ్లినాడు పుస్తె కట్టినప్పుడు గూడ ఆయన నన్ను గంత సూటిగ సూడలే.

నేను బట్ట చుట్టే కాగితం మీద పెద్దగ రాసిన. సాయిలు దాన్ని సూసుకుంట గీసిండు. లారీ స్టీరింగును చిటికెన వేలితోని తిప్పే మనిషి, కలం పట్టుకుంటె చెమట ధారకట్టింది. ఆ కాగితం మీద వడ్డ మాట గిది. "దుకాణం తెరిసే ఉండె. నేనే పోలే."

"సాలు," అన్నడు గుమాస్తా.

"సాలదు సార్," అన్నడు సాయిలు. "అమ్మా, కల్లు సంగతి గూడ రాయి."

"అదెందుకయ్యా? నీ మెడకే సుట్టుకుంటది."

"ఎందుకు పోలేదో రాయకుంటె వాళ్లే ఏదో ఒకటి అనుకుంటరు. మళ్ల సావుకారి మీదికే వస్తది."

రాసిన. గీసిండు. గుమాస్తా ఆ కాగితాన్ని సంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల పట్టుకొని బస్సెక్కిండు.

సేటు నమ్మిండు, సామాను మళ్ల పంపుతున్నమని కబురు చేసిండు. సేటుకు కాగితం సాలు. చిట్కుల్ ఆడోళ్లకు కాగితంతోని ఏం పని? మా మామ రోజు పొద్దున ఆ ఖాళీ పెట్టె మూత తీసి పెట్టి కూసునేటోడు. ఒక్క మూట రాలే. దారిల పోయేటోళ్లు లోపలికి సూసి, సూడనట్టు పోతుండ్రి.

గిట్ల ఉండంగ సాయిలు వచ్చిండు. లారీల కాదు, నడుసుకుంట.

"తీసేసిండ్రమ్మా," అన్నడు.

"తాగినందుకా?"

"కాదు. మేనేజర్ ఏమన్నడో ఎరుకనా? అందరు తాగుతరు, తాగుడు తప్పు కాదు, రాసుడు తప్పు అన్నడు."

నేను చెంపలేసుకున్న. ఇన్నేండ్లు అబద్ధం రాస్తె జీతం ఇచ్చిండ్రు, ఒక్కసారి నిజం రాస్తె ఇంటికి పంపిండ్రు! సాయిలుకు ఏడుపు గూడ రాలే, ఎవరో నెత్తిన కొట్టినట్టు బిత్తరపోయి ఉన్నడు.

మా మామ లేసిండు. చెప్పులేసుకొని బజారు పెద్దల తానకు పోయిండు. మీ తాత ఎంటనే ఉన్నడు, ఆయన చెప్పిందే చెప్తున్న. మా మామ అన్నడట, "రేపు లారీ వచ్చే టయానికి బజారు బంద్ చేద్దాం. సాయిలు రాకుంటె ఎవ్వరం సామాను దించుకోవద్దు."

"పట్టపగలా!" అని బెల్లపాయన గుండె పట్టుకున్నడట. "సావుకారీ, నీ మీద ఐపీ మాట ఇంక ఆరలే. మళ్ల మూస్తవా? నీ మూటలు ఇగ జన్మల రావు."

"రాకుంటె మానె. నా పేరు నిలబెట్ట పోయి ఆయన బువ్వ పోయింది. ఆ పేరును దాసుకొని నేనేం చేసుకోవాలె?"

బిడ్డా, తెల్లారి లారీ హారన్ ఇనవడంగనే మొదలైంది. టప్, టప్, టప్. బజారు ఈ మూల నుంచి ఆ మూల దాక పలకలు వడ్తున్నయ్. నడి పొద్దు నెత్తి మీద ఉన్నది. ఆ బజారు పుట్టిన సంది పగటిపూట ఆ సప్పుడు ఇనలే. కుక్కలు మొరుగుడు మరిసినయ్. చాయ హోటల్ ఆయన పొయ్యిల నీళ్లు పోసిండు. నా ఒళ్లంత ముండ్లు లేసినయ్, ఇగో ఇప్పుడు గూడ లేస్తున్నయ్ సూడు.

మరి మా దుకాణం? తలుపేది? వాపస్ పోయిన మా షట్టరు మళ్ల ఆ లారీలనే వచ్చింది! దాన్ని దించుకుంటె కట్టు తప్పుతది, దించుకోకుంటె ముయ్య రాదు. మా మామ అటు లారీని, ఇటు దుకాణాన్ని సూసిండు. తర్వాత గద్దె మీద రోడ్డుకు ఈపు పెట్టి, గోడకు మొఖం పెట్టి కూసున్నడు. గంతే. దుకాణం బంద్.

కొత్త డ్రైవర్ దిగి సూసిండు. వానికి గూడ ఆ రెండు మాటలే వచ్చు, ఇగ వానికి పండుగే. అన్ని బిల్టీల మీద అదే గీసి, నిండు లారీని వాపస్ తీస్కపోయిండు. ఆ ఆఫీసు పెట్టిన సంది నిజం రాసింది ఆ ఒక్కనాడే కావొచ్చు. ఎన్ని ట్రిప్పులు గట్ల పోతయే? జల్దీనే సాయిలును తెచ్చి మళ్ల కూసోవెట్టిండ్రు. తర్వాత వాడు వచ్చినప్పుడల్ల నా తాన ఒక కొత్త మాట రాయించుకొని నేర్సుకునేటోడు. ఒకసారి ఏం రాసిండో తెల్సా? "దుకాణం తెరిసి ఉండె. సావుకారి కునుకుతుండె. లేపబుద్ధి కాలే." అది సదివి ఆ మేనేజర్‌కు జరం వచ్చిందట.

ఆఁ, అసలు మాట మర్సిన. బంద్ చేసిననాటి మాట. లారీ పోయింది, బజారంత సప్పుడు లేదు. అప్పుడు నర్సవ్వ వచ్చింది, నెత్తి మీద కూరాకు గంప. మూసిన పలకలు సూసుకుంట, సూసుకుంట మా ముందలికొచ్చి ఆగింది. మా మామ ఈపు సూసి బిత్తరపోయింది.

"ఏమైందే కోడలా? నిజంగనే మునిగిండ్రా?" అన్నది నాతోని, గుసగుస.

చెప్పిన. సాయిలు రాసింది, వాన్ని తీసేసింది, మా మామ మూసింది, మొత్తం చెప్పిన. ఆ రోజు ఒక్క మాట పెంచలే, ఒట్టు. ఆమె అంత ఇన్నది. గంప దించింది. ఒడిల చెయ్యి పెట్టి పసుపు పీలిక మూట తీసింది.

"సావుకారీ, ఇటు తిరుగు."

"బంద్ ఉన్నది నర్సవ్వా," అన్నడు మా మామ, గోడతోని.

"బంద్ ఉంటె ఉండనీ. నువ్వు తిరగకు. నీ ఎనుక పెడ్తున్న. దినాం ఒడిల మోసి మోసి నడుము గుంజుతున్నది. జల్దీ పెట్టెల ఎయ్యి."

గద్దె మీద పెట్టింది. గంప ఎత్తుకున్నది, ఎనుకకు సూడకుంట పోయింది. మా మామ తలకాయ తిప్పలే. మూసిన దుకాణం మూసినట్టే ఉండాలె గద. కని ఆ ఈపు... నేను సూస్తనే ఉన్న బిడ్డా, ఆ సన్నటి ఈపు కదులుతున్నది, కదులుతున్నది, ఎంతసేపో. ఆ మనిషి ఏడ్సుడు నేను అంతకు ముందు సూడలే. ముందల నుంచి అయితె ఎన్నడు సూడలే.

ఏందే, నీ కండ్లేందట్ల అయినయ్? పల్లీ పొట్టు వడ్డదా? రా, ఇట్ల దగ్గరికి రా. నువ్వు సల్లగుండాలె బిడ్డా. నిండు బజార్ల నీ కోసం గోడకు మొఖం పెట్టి కూసునే మనిషి ఒక్కడన్న నీకు దొరకాలె. ఒక్కడు సాలు... మస్తు సాలు...